కాపీ కొట్టినది ఒకటి, పేస్టయినది ఇంకొకటి

కంప్యూటర్లో ఫైలు పేరు మార్చడమంటే మూడు పనులు. కొత్త పేరును ఎక్కడినుంచో కాపీ చేయాలి, ఫైలు మీద ఎఫ్2 నొక్కాలి, పేస్టు చేసి ఎంటర్ కొట్టాలి. ఇంత చిన్న పనిలో కూడా మధ్యలో ఏదో ఒకటి బెడిసికొడుతూనే ఉంటుంది. ఎక్కడ బెడిసికొట్టినా ఆఫీసుల్లో రోగనిర్ధారణ మారదు: "వైరస్ పట్టింది." వైద్యమూ మారదు: సిస్టమ్ ఆపి మళ్లీ ఆన్ చేయడం. ఈ రెండిటితోనూ నయం కాకపోతే కొత్త సిస్టమ్ కోసం ఇండెంట్ పెడతారు. అసలు జబ్బు చాలావరకు, కాపీ చేసినది నిలవుండే క్లిప్‌బోర్డులో ఉంటుంది. అందులో ఉన్నది ఒకటి, ఉందని వాడేవారు నమ్మేది మరొకటి.

అందరూ చేసే పొరపాటు పేరు కావలసినచోట ఫైలునే కాపీ చేయడం. ఐకాన్ మీద ఒక్కసారి నొక్కి కంట్రోల్ సీ కొడితే క్లిప్‌బోర్డులోకి వెళ్లేది ఫైలు, దాని పేరు కాదు. తర్వాత ఇంకో ఫైలు పేరు పెట్టెలో కంట్రోల్ వీ కొడితే ఏమీ జరగదు. ఆ పెట్టెకు అక్షరాలు తప్ప మరేదీ రుచించదు. గుమాస్తా మళ్లీ కొడతాడు, ఈసారి గట్టిగా. కీబోర్డుకు బలం అర్థం కాదన్న సంగతి మన ఆఫీసులకు ఇంకా చేరలేదు. ఈలోగా మౌస్ పక్కకు తగిలి పేరు పెట్టె మూసుకుపోతుంది, పేస్టు కాస్తా ఫోల్డర్‌లోకి దిగుతుంది. అప్పుడు అదే ఫైలు చివర "కాపీ" అనే తోకతో రెండోది పుడుతుంది. పేరు మార్చబోయి సంతానం కన్నట్టయింది. సాయంత్రానికి ఆ ఫోల్డర్‌లో కాపీ, కాపీ 2, కాపీ 3 వరసగా కొలువుదీరి ఉంటాయి. వాటిలో సార్ సంతకం చేసినదేదో ఎవరికీ తెలియదు. చేయవలసింది ఇంతే: ముందు ఎఫ్2 నొక్కి పేరు పెట్టె తెరిచి, అందులోని అక్షరాలను కాపీ చేయాలి.

కాపీ, పేస్టు పద్ధతి 1970లలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన సహచరుల చేతిలో రూపుదిద్దుకుంది. క్లిప్‌బోర్డుది అప్పటినుంచీ ఒకటే స్వభావం. కొత్తది రాగానే పాతదాన్ని మరిచిపోతుంది, పార్టీ మారిన నాయకుడికి పాత మేనిఫెస్టో గుర్తున్నంతే. పేరు కాపీ చేసిన తర్వాత మధ్యలో ఓటీపీ కాపీ చేస్తే, జీతాల బిల్లు ఫైలుకు ఆరంకెల పేరు పడుతుంది. దీనికి విరుగుడుగా విండోస్ 10లో 2018లోనే క్లిప్‌బోర్డు చరిత్ర వచ్చింది. విండోస్ కీ, వీ కలిపి నొక్కి ఒకసారి ఆన్ చేసుకుంటే ఆ తర్వాత కాపీ చేసినవాటిలో చివరి 25 దాకా దొరుకుతాయి. ఆ మీట ఉందని తెలిసినవారు ఆఫీసుకు ఒకరుంటే గొప్ప, ఉన్న ఆ ఒక్కరూ సెలవులో ఉంటారు.

పేరు పెట్టెలో ఒక్క వరుసకే చోటు. వెబ్ పేజీ నుంచో పీడీఎఫ్ నుంచో శీర్షిక కాపీ చేసినప్పుడు ముందో ఖాళీ వరుస కూడా వెంట వస్తే, పెట్టె ఆ ఖాళీని భక్తిగా స్వీకరించి అక్కడితో ఆగిపోతుంది. చూసేవారికి పేస్టే పనిచేయలేదనిపిస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నింద కీబోర్డు మీదికి పోతుంది. అదే సరుకును ముందు నోట్‌ప్యాడ్‌లో దించితే ఖాళీ వరుసలు కంటికి కనిపిస్తాయి. కావలసిన వరుసనే ఎంచి అక్కడినుంచి కాపీ చేస్తే సరిపోతుంది.

ఇక నిషిద్ధాక్షరాలు. విండోస్ ఫైలు పేరులో తొమ్మిది గుర్తులకు ప్రవేశం లేదు: రెండు రకాల స్లాష్‌లు, కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, డబుల్ కోట్స్, రెండు కోణపు గుర్తులు, నిలువు గీత. స్లాష్ ఫోల్డర్ల దారి చూపడానికి, కోలన్ డ్రైవ్ పేరుకు, నక్షత్రమూ ప్రశ్నార్థకమూ వెతుకులాటకు విండోస్‌కు ముందున్న డాస్ కాలంలోనే కేటాయించేశారు. ఆ రిజర్వేషన్లను ఎవరూ ఎత్తివేయలేదు. మన ప్రభుత్వ లేఖేమో "విషయం" అని మొదలై వెంటనే కోలన్ పెడుతుంది, తర్వాత స్లాషులతో ఫైలు నంబరు, మళ్లీ స్లాషులతో తేదీ. అంటే లేఖ తలకట్టును ఉన్నదున్నట్టు పేస్టు చేస్తే విండోస్ తొలి మాటకే అభ్యంతరం చెబుతుంది. తేదీకి స్లాష్ బదులు అడ్డగీత పెడితే గొడవ ఉండదు. ఇందులో ఒక వింత ఉంది. చేత్తో టైపు చేసిన నిటారు కోట్స్‌ను తోసిపుచ్చే విండోస్, వర్డ్ వంకర తిప్పిన కోట్స్‌ను పేస్టు చేస్తే మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. నిబంధనలు నిటారుగా ఉన్నవాళ్లకే అన్న మాట కంప్యూటర్‌లోనూ నిజమే.

కాన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాల పేరు ఏ ఫోల్డర్‌కూ పెట్టలేమని, ఆ రహస్యం మైక్రోసాఫ్ట్‌కే అంతుచిక్కలేదని, కనిపెట్టింది మనవాడేనని ఓ ఫార్వర్డ్ మెయిల్ ఏళ్ల తరబడి తిరిగింది. రహస్యమేమీ లేదు. డాస్‌లో ఆ పేరు తెర, కీబోర్డులది. ప్రింటర్‌కు ఇంకోటి, ఏమీ లేనిదానికి మరోటి ఉన్నాయి. అప్పట్లో ఇచ్చిన పేర్లు ఇప్పటికీ వాటివే.

పేరు చివరి తోక, అంటే ఎక్స్‌టెన్షన్, విండోస్ మామూలుగా కనిపించనివ్వదు. తోక కనబడక, తోకతో సహా పేరు పేస్టు చేస్తే రిపోర్ట్ డాట్ పీడీఎఫ్ డాట్ పీడీఎఫ్ తయారవుతుంది. ఇది నవ్వుకోదగ్గ నష్టమే, కానీ ఈ దాపరికం ప్రపంచాన్నే ముంచిన సందర్భం ఉంది. 2000 మే నెలలో ప్రేమలేఖ పేరుతో వచ్చిన ఐ లవ్ యూ వైరస్ ఫైలు పైకి డాట్ టీఎక్స్‌టీగా కనిపించింది, దాని అసలు తోక డాట్ వీబీఎస్. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్కు పెడితే తోకలన్నీ బయటపడతాయి.

తెలుగు పేర్లకు వేరే కష్టాలు. పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో కొట్టిన శీర్షికను పేరు పెట్టెలో వేస్తే తెలుగు మాయమై, యూరప్ అక్షరాలూ చిల్లర గుర్తులూ కలగాపులగంగా దిగుతాయి. అను తెలుగు బొమ్మలను ఇంగ్లీషు సంకేతాల మీద కప్పిన ఏర్పాటు. పేరు పెట్టెలో ఫాంటు మార్చే వీలు లేదు గనుక ఆ ముసుగు అక్కడ తొలగిపోతుంది. యూనికోడ్‌లోకి మార్చాకే పేస్టు చేయాలి. యూనికోడ్ వచ్చాకా పీడ పూర్తిగా వదలలేదు. పొల్లు తర్వాత వత్తు పడకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక గుర్తు చేరుస్తాయి. "మీటింగ్" చివర అది ఉన్న ఫైలూ లేని ఫైలూ ఒకే ఫోల్డర్‌లో అచ్చు కవలల్లా కూర్చుంటాయి. టైపు చేసి వెతికితే ఒక్కోసారి ఒకటే దొరుకుతుంది, అదీ అవసరం లేనిది. నోట్‌ప్యాడ్ స్నానం ఈ గుర్తును వదిలించలేదు. ఆ గుర్తు చేర్చని కీబోర్డుతో పేరును కొత్తగా కొట్టడమే మందు.

పొడవు లెక్క మరీ అన్యాయం. విండోస్‌లో పేరుకు 255 సంకేతాల దాకా చోటుంది, కానీ ఫోల్డర్ల దారి మొత్తం కలిపి మామూలుగా 260 దాటకూడదు. న్యూ ఫోల్డర్‌లో న్యూ ఫోల్డర్ 2, దానిలో మరొకటి దాచే ఆఫీసులు ఆ 260ని ఫైలు దాకా రాకముందే ఖర్చు చేస్తాయి. లినక్స్‌లో హద్దు 255 బైట్లు. తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది కాబట్టి 85తో సరి. "శ్రీ"లోనే నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. శ్రీశ్రీశ్రీ అని మొదలయ్యే ఆహ్వానపత్రిక, అసలు పేరు రాకముందే 36 బైట్లు మర్యాదకు సమర్పిస్తుంది.

మిగిలినవి చిన్నవి. ఫైలు వర్డ్‌లో తెరిచి ఉంటే పేరు మారదు, ముందు మూయాలి. పది ఫైళ్లు ఎంచి ఒక పేరు పేస్టు చేస్తే అన్నిటికీ అదే పేరు పడి, పక్కన బ్రాకెట్లో అంకెలు వస్తాయి. విండోస్ 11 తొలి రూపంలో రైట్ క్లిక్ మెనూలో రీనేమ్ అనే మాట తీసేసి చిన్న బొమ్మ పెట్టారు, మాట కోసం వెతికేవారు ఎఫ్2 నొక్కితే చాలు. పొరపాటున పేరు మారిపోతే ఆ ఫోల్డర్‌లోనే వెంటనే కంట్రోల్ జెడ్ కొడితే పాత పేరు తిరిగి వస్తుంది.