వెతికినా దొరకని విషయసూచిక: తయారీ విధానం

మీరు రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి విషయసూచిక ఏదని ఎవరో ఒకరు పోరు పెట్టక మానరు. కాదనకండి, ఇచ్చేయండి. ఎవరికీ పనికిరాకుండా ఇవ్వడంలోనే ఉంది నేర్పంతా.

సూచిక తెరిచేవాడికి కమాండు పేరు ముందే తెలిసుండాలి. పేరే తెలియనివాడికి మాన్యువల్ ఎందుకండీ? ఈ విద్యలో గ్రెప్‌ని మించిన గురువు లేడు. ఫైళ్ళలో మాట వెతకడానికి అందరూ వాడేది దాన్నే. అయినా దాని మ్యాన్ పేజీ నెత్తిన ఉన్న పరిచయ వాక్యంలో 'సెర్చ్' అన్న మాటే ఉండదు. నమూనాకు సరిపడే వరసలు అచ్చు వేస్తుందట, అంతే. మ్యాన్ పేజీల్ని వెతికిపెట్టే అప్రోపోస్ చూసేది పేరునీ, ఆ వాక్యాన్నీ మాత్రమే. కాబట్టి 'సెర్చ్' అని అడిగితే కుదించిన ఫైళ్ళు వెతికే జెడ్‌గ్రెప్ పలుకుతుంది, అసలు గ్రెప్ పలకదు. పెళ్ళిపందిట్లో తోడిపెళ్ళికొడుకు మాత్రమే కనబడ్డట్టు.

ఒకే పేరుతో రెండు పేజీలుంటే మరీ మంచిది. మ్యాన్ క్రాన్‌ట్యాబ్ అని కొడితే కమాండు సంగతి చెప్పే 1వ విభాగం వస్తుంది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే అయిదు గళ్ళలో ఏం నింపాలో ఉండేది 5వ విభాగంలో. ఆ ముక్క అట్టడుగున బ్రాకెట్లో ఒక అంకెగా పెట్టి ఊరుకోండి. కొత్తలో నేనా అంకెని పేజీ నంబరనుకుని, అయిదో పేజీ కోసం కిందికి జరుపుతూ కూర్చున్నాను.

గ్నూ ఇన్ఫోలో మాన్యువళ్ళన్నిటికీ 'డిర్' అనే ఒకే సింహద్వారం. అందులో మీ వరస ఏ వర్గం కింద చేరాలో టెక్స్ఇన్ఫో మూలంలో మీరే రాయొచ్చు. రాయకండి. ఇన్‌స్టాల్-ఇన్ఫో దాన్ని తీసుకెళ్ళి 'మిసలేనియస్'లో పడేస్తుంది. కరెంటు బిల్లులూ, తుప్పుపట్టిన తాళంచెవులూ, అయిపోయిన బ్యాటరీలూ దాచే సొరుగు మీ ఇంట్లోనూ ఉంటుంది కదా, అదే ఇది. కోర్‌యుటిల్స్ వాళ్ళు ఎల్ఎస్‌కీ సీపీకీ విడివిడిగా వరసలిచ్చి, నేరుగా ఆ కమాండు గురించిన చోటికే దింపుతారు. అలాంటి గారాబాలు మప్పకండి.

ఇన్ఫోలో ఒక్కో భాగాన్నీ నోడ్ అంటారు; విడుదలకోసారి ఆ నోడ్ల పేర్లు మార్చేయండి. పాత లింకులు అవే పోతాయి.

ఇంకా విసిగిస్తే, డెబియన్‌లో యూఎస్ఆర్-షేర్-డాక్ చూసుకోమనండి. అక్కడ ప్యాకేజీకో ఫోల్డరు. చాలావాటిలో ఉండేవి రెండే: కాపీరైటూ, కుదించిన ఛేంజ్‌లాగూ. ఆ రెండోది చదవడానికి జెడ్‌లెస్ కావాలి. జెడ్‌లెస్ ఏమిటంటారా? మ్యాన్ పేజీ ఉంది, చూడండి.