ఏట్లో పారేసినా ఎంచి పారేయ్

ఏట్లో పారేసినా ఎంచి పారేయమన్నారు మన పెద్దలు. ఆ మాటను ఇంత నిష్ఠగా పాటించేవాళ్లు యూరోపియన్ యూనియన్ వాళ్లు తప్ప భూప్రపంచంలో మరొకరు ఉండరు. ఎంచడానికి ఏకంగా 2025/40 నంబరుతో ఒక ప్యాకేజింగ్ చట్టమే చేసుకున్నారు. 2026 ఆగస్టు 12 నుంచి దాని అమలు.

ఈ చట్టానికి అసలు తలనొప్పి పల్చటి పౌచ్‌. మసాలా పొడి పౌచ్ ఒకటి అడ్డంగా కత్తిరించి చూడండి. పైన అచ్చు కోసం పెట్ అనే ప్లాస్టిక్ పొర, మధ్యలో గాలి, వెలుతురు చొరబడకుండా అల్యూమినియం రేకు, లోపల వేడికి అతుక్కునే పాలిథిన్. మూడూ కలిపితే వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ. జిగురుతో ఒకటైపోయిన ఆ ముగ్గురినీ గిట్టుబాటుగా విడదీయడం మామూలు రీసైక్లింగ్ ప్లాంట్ వల్ల కాదు.

అందుకని మార్కులు పెట్టారు. 95 శాతం, ఆపైన రీసైకిల్ కాగలిగితే ఏ గ్రేడు, 80కి బీ, 70కి సీ. అంతకు తగ్గితే 2030 నుంచి అమ్మడానికి వీల్లేదు. 2038 నుంచి సీ గ్రేడుకూ తలుపులు మూత. భేష్! కానీ 2030లో అడిగేది, రీసైకిల్‌కు వీలుగా తయారుచేశారా అని. నిజంగా రీసైకిల్ చేస్తున్నారా అన్న ప్రశ్న 2035కి వాయిదా. ఆ అయిదేళ్లూ పౌచ్ గారు ‘రీసైక్లబుల్’ బిరుదుతో నేరుగా చెత్త తగలబెట్టే కొలిమిలోకి ఊరేగవచ్చు. చట్టం చేతులు జోడించి సాగనంపుతుంది.

ఇక పాత ప్లాస్టిక్ కలపాలన్న నిబంధన. ఆహారం తగిలే, పెట్ కాని ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2030 నాటికి 10 శాతం, 2040కి 25 శాతం ఉండాలట. ఎవరో వాడి పారేసిన కవర్లను కరిగించి మళ్లీ తిండి కవరు చేయడానికి ఆరోగ్య నియమాలు అంత సులువుగా ఒప్పుకోవు. కాబట్టి పరిశ్రమ చెత్తను కాచి నూనె తీస్తానంటుంది, ఆ నూనెను పెట్రోలియం నాఫ్తాలో కలుపుతానంటుంది. కలిశాక ఏది ఎటు పోయిందో దేవుడికే ఎరుక. దానికో కాకిలెక్క ఉంది, పేరు మాస్ బ్యాలెన్స్. పాలవాడు తొంభై లీటర్ల ఆవుపాలలో పది లీటర్ల గేదెపాలు కలిపేసి, పైకం ఎక్కువిచ్చిన పది ఇళ్లకు మాత్రం ‘అచ్చంగా గేదెపాలు’ అని రసీదు రాసిచ్చినట్టు. మన పాలవాడు ఈ పని చేస్తే వీధిలో నిలబెట్టి కడిగేస్తాం. అక్కడ సర్టిఫికెట్ ఇస్తారు.

హోటళ్ల సంగతి మరీ ముద్దొస్తుంది. 2030 నుంచి రెస్టారెంట్‌లో కూర్చుని తినేవాడికి ప్లాస్టిక్ సాస్ ప్యాకెట్ ఇవ్వకూడదు. అదే ప్యాకెట్ పార్శిల్‌తో ఇవ్వచ్చు. భూమాత కోపం కుర్చీ మీద కూర్చున్నవాడి మీదే కాబోలు!

మనకెందుకీ గొడవ అనుకోకండి. యూరప్‌లో అమ్మకానికి వెళ్లే గుంటూరు కారం పౌచ్‌కూ ఇవే మార్కులు. సూట్‌కేసులో ఆవకాయ కుక్కుకుని చదువుకు వెళ్లే పిల్లలకు మాత్రం ఈ పరీక్ష లేదు.

పౌచ్ వద్దు, పొడి డబ్బాలో పోసివ్వండి అనే మాట ఇంత పెద్ద చట్టంలోనూ గట్టిగా వినిపించదు. 2022లో ఈయూలో మనిషికి 186.5 కిలోల ప్యాకింగ్ చెత్త పోగైంది. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీకి బయట ఉన్న దేశాలకు ప్లాస్టిక్ చెత్త పంపడం 2026 నవంబర్ 21 నుంచి నిషేధం. టర్కీ మాత్రం ఓఈసీడీ సభ్యదేశమే, కాబట్టి అటు దారి మూతపడదు.