కోటగోడ పక్కన ర్యాంపు వేసుకునే పద్ధతి

ముందుగా చెప్పేదేమిటంటే, టేపు బయటికి తీయకండి. చారిత్రక కట్టడం పక్కన ఇల్లున్నవాళ్లు గేటు ముందు ర్యాంపు వేసుకోవాలనో, ఉన్న ర్యాంపును కారు అడుగు తగలకుండా సవరించుకోవాలనో అనుకున్నప్పుడు చేసే మొదటి తప్పు కొలవడం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించినప్పుడు, కేంద్ర రక్షణలో ఉన్న ప్రతి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతమనీ, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమనీ పార్లమెంటు ఖాయం చేసింది. గుడి శిఖరం నుంచి కొలుచుకుని 'మనది 140 వచ్చింది, గండం గడిచింది' అనుకునే అమాయకులుంటారు. కొలత మొదలయ్యేది శిఖరం దగ్గర కాదు, రక్షిత ప్రాంతపు సరిహద్దు దగ్గర. అదీ అన్ని దిక్కులకూ. ఖిలా వరంగల్ లాంటి చోట, అంటే రాతికోట లోపలే ఊరున్న చోట, గోడకు బయటివైపు 100 మీటర్లు ఎలాగో లోపలివైపు 100 మీటర్లూ అలాగే. నడిమధ్య కీర్తి తోరణాల చుట్టూ ఇంకో వలయం. ఇవన్నీ కాగితం మీద గీసుకుంటే మీ గేటు ఎందులో పడిందో తేలిపోతుంది. తేలిపోయాక 'మాకు తెలియదండీ' అనే అవకాశం చేజారుతుంది. ఈ దేశంలో ర్యాంపులన్నీ నిలబడి ఉన్నది ఆ ఒక్క మాట మీదే.

కొలిచే తప్పు ఎలాగూ చేసేశారనుకుందాం. ఇక చేయవలసింది ర్యాంపుకు పేరు పెట్టడం. బారసాల నాడు పిల్లకు పెట్టే పేరులో కూడా ఇంత జాగ్రత్త అక్కర్లేదు. చట్టం దృష్టిలో నిర్మాణం వేరు, పునర్నిర్మాణం వేరు, మరమ్మతు వేరు. ఉన్నదానికి నిలువుగా గానీ అడ్డంగా గానీ ఏది కలిపినా నిర్మాణమే. నిషిద్ధ ప్రాంతంలో దానికి అనుమతి ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. ఉన్నదాన్ని మార్చుకోవడం మరమ్మతు, నవీకరణ. దానికైతే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ లెక్కన కొత్త ర్యాంపు నేరం, పాత ర్యాంపు బాగుచేత హక్కు కాకపోయినా ఆశ. కాబట్టి మీకు కొత్త ర్యాంపు కావాలంటే పాత ర్యాంపు ఒకటి ముందే ఉండి తీరాలి. లేకపోతే ఎక్కడో ఒక పెచ్చు చూపించి, ఇదే మా తాతగారి ర్యాంపు అని చెప్పడం లోకంలో ఉన్నదే. ర్యాంపు అసలు కట్టడమే కాదని వాదించే వకీలు కూడా దొరుకుతాడు. వాదన బాగానే ఉంటుంది, ఫీజు మాత్రం ర్యాంపు ఖర్చును దాటిపోతుంది. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. మురుగుకాల్వలు కట్టడం, బాగుచేయడం, శుభ్రం చేయడం నిర్మాణం కిందికి రాదని అదే చట్టం అదే నిర్వచనంలో చెప్పింది. అంటే మీ గేటు ముందున్న మోరీకి చట్టం నుంచి మినహాయింపు ఉంది. దాని మీద మీరు పరిచే షాబాదు బండకు లేదు.

ఇప్పుడు దరఖాస్తు. సమర్థాధికారి దాన్ని 15 రోజుల్లో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. వాళ్లు 2 నెలల్లో, కట్టడం మీద దీని ప్రభావమేమిటో తేల్చి చెప్పాలి. అది అందాక అధికారి మరో నెలలో అవుననో కాదనో అనాలి. అన్నీ వేళకు జరిగితే మూడున్నర నెలలు. మార్చిలో దరఖాస్తు పెడితే వానలు పడ్డాక జవాబు వస్తుంది, ఈలోగా తెచ్చిపెట్టుకున్న సిమెంటు బస్తాలు గడ్డకడతాయి. ర్యాంపు పని మాత్రం ఒక్క రాత్రిది. శనివారం చీకటి పడ్డాక మేస్త్రీ వస్తాడు. మోరీ మీద రెండు బండలు అడ్డం వేసి, వాటి మీద కంకర, ఇసుక, సిమెంటు కలిపిన మాలు పోసి, తాపీతో నున్నగా తీసి, ఆరకముందే చెక్క అంచుతో అడ్డగీతలు గీస్తాడు, టైరు జారకుండా. ఆదివారం సెలవు. సోమవారానికి అది పాత ర్యాంపు. అతిక్రమించినవాడికి 2 ఏళ్ల జైలో, లక్ష రూపాయల జరిమానాయో, రెండూనో అని చట్టంలో ఉన్న మాట నిజం. చూసీ చూడనట్టు ఊరుకున్న కేంద్ర ఉద్యోగికి 3 ఏళ్ల దాకా అని ఉన్న మాట కూడా నిజమే. దాంతో తెలివైన ఉద్యోగి చేసేదేమిటంటే ఆ వీధికే రాకపోవడం. రావాలన్నా మనిషి ఉండాలి కదా: దేశంలో కేంద్రం కాపాడుతున్న కట్టడాలు 3,693, కాపలా మనుషులు ఉన్నవి 248 చోట్ల అని 2022లో పార్లమెంటరీ స్థాయీ సంఘానికి లెక్క చెప్పారు. కట్టడాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషే లేనిచోట దానికి 100 మీటర్ల అవతలి గేటును ఎవరు కనిపెడతారు? అడిగినవాడికి మూడున్నర నెలల నిరీక్షణ, చివర్లో బహుశా కాదనే మాట. అడగనివాడికి సోమవారానికల్లా ర్యాంపు. ఈ చట్టం ర్యాంపులను ఆపడం లేదు, అడగడాన్ని ఆపుతోంది. నా అభ్యంతరమంతా ఇక్కడే.

అసలు మనిషికి ర్యాంపు ఎందుకు కావలసి వస్తుందో చట్టం అడగదు. కారు కొన్నాడు కాబట్టి అనుకుంటాం. సగం వరకే నిజం. మన ఊళ్లలో రోడ్డు వేసేవాళ్లు పాత పొరను గీకి తీయడం అరుదు. ఉన్న తారు మీదే కొత్త తారు, దాని మీద సీసీ. ఒక్కో ఎన్నికకు ఒక్కో పొర. రోడ్డు పైకి పోతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగు, కొన్నేళ్లకు రోడ్డుతో సమానమై, ఆ తర్వాత రోడ్డుకంటే కిందికి పోతుంది. వానాకాలంలో వీధి నీళ్లన్నీ వరండాలోకి వచ్చాక ఇంటాయన గడప ఎత్తిస్తాడు, గడప ఎత్తాక బండి ఎక్కదు, బండి ఎక్కడానికి ర్యాంపు. ఇందులో రోడ్డు పెరగడం మరమ్మతు, దానికి ఎవరూ లెక్క అడగరు. రోడ్డుకు జవాబుగా గేటు ముందు పెరిగింది నిర్మాణం. కాబట్టి మన పద్ధతిలో ఇంకో మెలకువ చేర్చుకోవాలి: ర్యాంపు మీరు వేయకండి, మీ ఇంటి ముందుదాకా వచ్చేలా రోడ్డునే ఏటవాలుగా వేయించుకోండి. వార్డు కార్పొరేటరుతో కాస్త మంచిగా ఉంటే చాలు.

ఇంతకూ ర్యాంపు వల్ల పాత కట్టడానికి నిజంగా హాని ఉందా అంటే, ఉంది. మోరీ మీద పరిచిన బండ కింద ఏం పేరుకుంటోందో పైనుంచి కనిపించదు. పారిశుద్ధ్య కార్మికుడి పార అక్కడిదాకా పోదు. ఒక ఇంటి ముందు పూడిన కాల్వ పది ఇళ్ల నీళ్లను నిలబెడుతుంది. నిలిచిన నీరు పల్లం వెతుక్కుంటుంది. పాత ఊళ్లలో పల్లం సాధారణంగా ఆ పాత కట్టడమే, ఎందుకంటే చుట్టూ వీధులన్నీ పొరలు పొరలుగా పెరిగాయి, దాని నేల మట్టం మాత్రం వందల ఏళ్ల నాటిదే. హనుమకొండ వేయిస్తంభాల గుడిని కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. కాకతీయుల స్థపతులు పునాది గుంటను ఇసుకతో నింపి, దాని మీద ఎంతో బరువైన రాతిని నిలబెట్టేవాళ్లు. కదలకుండా బిగిసి ఉన్నంతకాలం ఇసుక చాలా నమ్మకమైనది. దానిలోంచి నీళ్లు పారడం మొదలుపెట్టి రేణువులను లాక్కుపోతే మాత్రం పైన ఎంత గొప్ప శిల్పమున్నా నిలవదు. అక్కడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి మళ్లీ కట్టి, 2024 మార్చిలో తిరిగి తెరవడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ ఊరివాళ్లకు తెలుసు. దానికి ర్యాంపులు కారణమని నేననను. కానీ అలాంటి పునాది ఉన్న ఊళ్లో అడగవలసిన ప్రశ్న 'ఎన్ని మీటర్లు?' అన్నది ఒక్కటే కాదు. 'నీళ్లెటు పోతాయి?' అన్నది కూడా. మన దరఖాస్తులో దూరానికి ఉన్న ప్రాముఖ్యం నీటికి లేదు.

ఈ ప్రశ్న ముందు అడిగిన దేశం ఒకటుంది. 2007 వేసవి వరదల్లో ఇంగ్లండు పట్టణాలు మునిగాక, ఇళ్ల ముందు తోటలు తీసేసి కార్ల కోసం కాంక్రీటు పరుచుకోవడం కూడా ఒక కారణమని అక్కడివాళ్లు గుర్తించారు. 2008 అక్టోబరు నుంచి నిబంధన మారింది. ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరింకని పదార్థం పరిస్తే ప్లానింగ్ అనుమతి కావాలి. నీరింకే గులకరాయో, సందులున్న ఇటుకో పరిచినా, నీటిని మన తోటలోకే మళ్లించినా అక్కర్లేదు. పక్కన చారిత్రక కట్టడం ఉంటే ఇన్ని మీటర్లని గీత గీయరు; ఆ కట్టడపు పరిసరాల తీరు దీనివల్ల చెడుతుందా అని చూస్తారు. చూడటంలో వాళ్లూ విసిగిస్తారు. రాతి రంగు గురించి ఉత్తరాల మీద ఉత్తరాలు నడుస్తాయి. అయినా అక్కడ అనుమతి అడిగినవాడికి ఏం చేస్తే అవుననిపించుకోవచ్చో ముందే తెలుస్తుంది. ఇక్కడ తెలిసేది ఏం చేసినా కాదనిపించుకోవచ్చనే.

ర్యాంపుకు ఇలా షరతులతో అనుమతి ఇవ్వాలనడానికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఇవాళ ర్యాంపును వదిలితే రేపు దాని మీద రేకుల షెడ్డు, ఎల్లుండి అందులో జిరాక్సు షాపు, ఆపైన అంతస్తు. అతిశయోక్తి కాదు. 2013లో కాగ్ మనుషులు స్వయంగా వెళ్లి చూసిన 1,655 కట్టడాల్లో 92 కనబడనే లేదు. ఆ తర్వాత 2022 చివర్లో పురావస్తు శాఖ పార్లమెంటరీ సంఘానికి చెప్పిన లెక్క ప్రకారం 50 కట్టడాలు లేకుండా పోయాయి. వాటిలో 12 జలాశయాల కింద, 14 పట్టణాల పెరుగుదల కింద, మిగతా 24 ఎక్కడున్నాయో తెలియదు. ఆ 14ను ఎవరూ ఒక్క రోజులో కూల్చి ఉండరు. ఒక్కో గజం ఒక్కో గేటు తినేసి ఉంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ నిషేధం లేని రోజుల్లోనే జరిగాయని అనుకోవడానికి లేదు. 100 మీటర్ల నిషేధం 1992 జూన్ నోటిఫికేషన్ నాటినుంచీ ఉంది. ర్యాంపునూ నాలుగంతస్తుల భవనాన్నీ ఒకే గాటన కట్టి, రెండింటికీ ఒకే జైలు రాసినప్పుడు, ర్యాంపువాడు ఎటూ నేరస్థుడే అయ్యాడు. ఆపైన అంతస్తు వేయడానికి అతన్ని ఆపే భయమేదీ మిగలలేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అధికారికి విచక్షణ ఇస్తే అమ్ముకుంటాడు, గుడ్డి గీతే మేలు అంటారు. చరిత్ర వీళ్ల వైపే ఉంది. నోటిఫికేషన్ ఉండగానే ఒక సలహా సంఘాన్ని పెట్టి నిషిద్ధ ప్రాంతంలో అనుమతులు ఇస్తూ పోయారు. 2009 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు అవి చెల్లవంది. దానికి జవాబుగా వచ్చిన 2010 సవరణ ఒక చేత్తో ఇకముందు ప్రజాపనులతో సహా ఎవరికీ అనుమతి లేదంది, ఇంకో చేత్తో ఆ సంఘం సలహా మీద అప్పటిదాకా ఇచ్చిన అనుమతులన్నీ చెల్లుతాయంది. మన మార్గదర్శినికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు: ముందు కట్టాలి, తర్వాత చట్టం రావాలి. అయితే విచక్షణకూ గుడ్డి గీతకూ మధ్య మూడో దారి ఆ చట్టంలోనే ఉంది. ఒక్కో కట్టడానికీ విడిగా వారసత్వ ఉపనిబంధనలు రాయాలని, వాటిని ఇంటాక్ లాంటి నిపుణుల సంస్థతో సంప్రదించి తయారుచేయాలని 20ఈ సెక్షను చెబుతోంది. ఎత్తెంత, నీరు పోయే దారేది, మోరీ మీద బండ వేయాలా జాలీ వేయాలా, ర్యాంపు పొడవెంత అని ఊరికి తెలిసేలా ముందే రాసి గోడకు అంటిస్తే అధికారి అమ్ముకోవడానికి మిగిలేది తక్కువ. ఇన్నేళ్లయినా చాలా కట్టడాలకు అవి పూర్తికాలేదు. పెద్ద రోడ్లకు, ప్రజాపనులకు నిషిద్ధ ప్రాంతంలో దారి ఇవ్వాలని మాత్రం 2017లో సవరణ బిల్లు తెచ్చారు. 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది, చట్టం మాత్రం కాలేదు. ప్రభుత్వానికి కూడా ఈ గీత ఇబ్బందిగానే ఉందని దానివల్ల తెలిసింది. ర్యాంపుల గురించి బిల్లు తెచ్చేంత తీరిక ఏ సభకూ లేదు.

ఆ ఉపనిబంధనలు వచ్చేదాకా కారు ఇంట్లోకి ఎక్కించుకోవాలి గనక చివరి సూచన. వెల్డింగు షాపుకు వెళ్లి చెకర్ ప్లేటుతో రెండు ముక్కల ఇనుప ర్యాంపు చేయించుకోండి, ఒక్కో టైరు కింద ఒక్కటి. కింద కాళ్లు పెట్టించండి, మోరీలో నీళ్లు పోతాయి, పార కూడా పోతుంది. నేలలో పాతింది కాదు కాబట్టి దీన్ని నిర్మాణమనడానికి చట్టానికి కాస్త మొహమాటంగా ఉంటుంది. కారు బరువుకు తగిన మందం చూసుకోండి, సన్నరేకు మధ్యలో వంగుతుంది. పని కాగానే గేటు లోపలికి లాక్కోవడం మరిచిపోకండి. పురావస్తు శాఖవాళ్లు రాకపోవచ్చు గానీ పాత ఇనుము కొనేవాడు తెల్లవారుజామునే వస్తాడు.