ఆరు నెలల జీవితకాలం

కంప్యూటర్ ప్రోగ్రాము కొన్నవారికి దక్కేది దానిపై యాజమాన్యం కాదని, షరతులకు లోబడి వాడుకునే అనుమతి మాత్రమేనని, దానినే లైసెన్సు అంటారని తెలిసిన వివేకవంతులు మన దేశంలో చాలామందే ఉన్నారు. వేలల్లో ధర పలికే విండోస్ కొన్ని వందలకే, అదీ ‘జీవితకాలం’ హామీతో దొరుకుతుందని నమ్మేదీ తరచుగా వారే.

ఈ బేరంలో చేతికొచ్చేది అక్షరాలు, అంకెలు కలిసిన 25 గుర్తుల వరుస. వ్యవహారంలో దాని పేరు ‘కీ’. అది ఎక్కడిదని అడగడం బేరం మర్యాదకు భంగం కనుక ఎవరూ అడగరు. అడిగితే దాని పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి: తయారీదారు కొత్త యంత్రంలో వేసి ఇచ్చే ఓఈఎం లైసెన్సు ఆ యంత్రంతోనే పుట్టి దానితోనే పోవలసినది, సంస్థలు తమ కంప్యూటర్లన్నిటికీ కలిపి తీసుకునే వాల్యూమ్ లైసెన్సు ఆ సంస్థ గడప దాటకూడనిది. గడప దాటిన కీ కూడా కొన్నాళ్లు పనిచేస్తుంది కానీ, కీ పనిచేయడం వేరు, లైసెన్సు ఉండడం వేరు. విండోస్ రూపొందించిన కంపెనీ ఆ కీని నిలిపివేసిన నాడు ఈ తేడా కొన్నవారికి తెలిసివస్తుంది.

ఇక ‘జీవితకాలం’ సంగతి. సంస్థల్లోని యంత్రాలు కేఎంఎస్ అనే సర్వరు ద్వారా పొందే యాక్టివేషన్, అంటే వాడుకకు ఆమోదం, 180 రోజులే చెల్లుతుంది; ఆలోగా దానిని పునరుద్ధరించుకోవాలి. ‘జీవితకాలం’ పేరిట కొన్నిసార్లు అంటగట్టేది ఆ సర్వరులా నటించి దొంగ ఆమోదం ఇచ్చే క్రాక్ ప్రోగ్రామునే; దానిని ఎక్కించడానికి ముందు యాంటీవైరస్‌ను ఆపేయమని సూచనలుంటాయి. కావలికుక్కను కట్టేస్తేగాని ఇంట్లోకి రానన్న అతిథిని ఆదరించినంత భక్తితో కొన్నవారు వాటిని పాటిస్తారు.

ఖాతాదారుల ప్రతి బిల్లునూ తిరగేసి చూసే లెక్కల కార్యాలయానికి తన విండోస్‌కు బిల్లు లేదన్న సంగతి ఎన్నడూ తట్టకపోవచ్చు గాని, 1957 నాటి కాపీరైట్ చట్టానికి తడుతుంది. చౌర్య ప్రతి అని తెలిసీ వాడినవారికి దాని 63బి సెక్షన్ 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తుంది; లాభం కోసమో వ్యాపారంలోనో వాడనివారికి జైలు తప్పించి, 50 వేలు మించని జరిమానాతో సరిపెట్టే విచక్షణ మాత్రం కోర్టుకుంది.

చౌకే పరమార్థమైతే విండోస్‌కు బదులు లినక్స్, ఆఫీసు పనులకు లిబ్రేఆఫీస్ చట్టబద్ధంగా ఉచితంగానే లభిస్తాయి, కొన్ని వందల కన్నా సున్నా తక్కువన్నది ఒకటో తరగతి లెక్క. డబ్బు చెల్లించి మరీ దొంగసొత్తు తెచ్చుకోవడాన్ని పొదుపు అనడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.