లా స్టూడెంటుతో ఒక రోజు వేగడం ఎలా

తెలిసినవాళ్ల అమ్మాయి లాసెట్ రాసి మూడేళ్ల లాలో చేరిందట, ఒక్క రోజు మీ వెంట తిరిగి కోర్టు చూస్తుందట అని ఫోను వస్తుంది. కాదనకండి. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధన పెట్టాక ఈ ఫోన్లు ఎవరికీ తప్పడం లేదు. ముప్ఫై ఏళ్లుగా జిల్లా కోర్టు మెట్లు అరగదీసినవాణ్ణి కాబట్టి, ఆ ఒక్క రోజూ పరువు దక్కించుకోవడం ఎలాగో చెబుతాను.

పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆఫీసుకు రమ్మనండి. మీరు తొమ్మిదిన్నరకు వెళ్లండి. తాళం వేసిన గుమ్మం ముందు గంటన్నర నిలబడితే వృత్తి మీద గౌరవం దానంతటదే వస్తుంది. ఆ రోజు ఏ కేసులున్నాయో ముందుగా చెప్పకండి. చెబితే చదువుకుని వస్తుంది, చదువుకుని వచ్చినవాళ్లు ప్రశ్నలడుగుతారు. నల్లకోటు, టైతో వస్తే అంతటితో సరిపెట్టకండి. మీ బ్యాండు, గౌను కూడా తగిలించి ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఎన్‌రోల్ కానివాళ్లు అవి వేసుకోకూడదన్న సంగతి జడ్జిగారే కళ్లజోడు మీదుగా చూసి చెబుతారు. మన నోటికి శ్రమెందుకు?

పదిన్నరకు కాల్ వర్క్. అసలు గండం ఇదే. బెంచి క్లర్కు నంబరు పిలుస్తాడు, ఒకరు లేచి టైం కావాలంటారు, ఇంకొకరు సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారంటారు, వాయిదా పడుతుంది. విచారణ మొదలయ్యాక ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరులో ఉన్న సంగతి ఆ అమ్మాయి మొన్ననే పరీక్షకు బట్టీ పట్టి ఉంటుంది. నోరు తెరవబోతుంటే కాంటీన్‌కి తీసుకెళ్లి ఇడ్లీ పెట్టించండి.

పొరపాటున కూడా వరండా బల్ల మీద కక్షిదారు పక్కన కూర్చోనివ్వకండి. నేను కూర్చోనిచ్చాను. మా పార్టిషన్ దావా పెద్దాయన చేతిసంచీలోంచి రబ్బరు బ్యాండు చుట్టిన చీటీల కట్ట తీశాడు. అన్నీ బస్సు టిక్కెట్లు. వాటి వెనక వాయిదా తేదీలు, మా గుమస్తా చేతిరాతలో. అమ్మాయి ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"తాతగారూ, వీటన్నిటికీ వచ్చారా?"

"నేను రాకపోతే నా భూమి మాట ఎవరెత్తుతారమ్మా?"

నేను హాల్లో ఏదో పనున్నట్టు లోపలికి పోయాను.

సెక్షన్ల దగ్గర మరీ జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మనకింకా మోసమంటే ఫోర్ ట్వంటీయే, ఆ పిల్లకేమో 318(4). కక్షిదారు ముందు "సార్, ఇప్పుడది..." అని మొదలుపెట్టిందంటే ఫీజులో కోత పడ్డట్టే. అందుకని నంబరు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా గట్టిగా దగ్గండి.

కొత్త పార్టీ వచ్చి అల్లుడి రెండో కాపురం గుట్టు విప్పుతుంటే అమ్మాయిని బయట ఉండమనకండి. ఉండవచ్చా అని ఆయన్నీ అడగకండి. కక్షిదారు చెప్పింది బయటికి పొక్కకూడదన్న కట్టుబాటు లాయరుకీ, ఆయన గుమస్తాలకీ, ఉద్యోగులకీ అని చట్టం పేరుపెట్టి రాసింది. ఒక్క రోజు చుట్టం మాటేమిటంటారా? గొడవ వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం, గుమస్తా చేతికి అప్పగించడం. మావాడు "పాపా, ఇటు రా" అని పిలిచి ప్లెయింటు మీద కోర్టు ఫీజు ఎలా లెక్కకట్టాలో, వకాల్తా మీద వెల్ఫేర్ స్టాంపు ఎక్కడ అంటించాలో, ఆఫీసు అభ్యంతరం పెట్టి కాగితాలు వెనక్కిస్తే సరిచేసి మళ్లీ ఎలా వెయ్యాలో, సర్టిఫైడ్ కాపీ కోసం ఏ కిటికీ దగ్గర నిలబడాలో అరగంటలో చెప్పేశాడు. ఆ కిటికీ ఎక్కడుందో నాకూ ఆ రోజే తెలిసింది. అక్కడితో ఊరుకున్నాడా, చెక్ బౌన్సు కట్టొకటి తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాడు.

కాబట్టి ముందురోజు రాత్రే గోడ మీది క్యాలెండరు తీసి బీరువాలో దాచండి. చెక్కు చెల్లలేదన్న బ్యాంకు మెమో మా పార్టీకి అందింది మార్చి 3న. నెల లెక్కేసుకుని, నోటీసు ఏప్రిల్ 3న పంపిస్తే సరిపోతుందని నేను ధీమాగా ఉన్నాను. ఆ రోజు ఏప్రిల్ 2. అమ్మాయి క్యాలెండరు దగ్గర నిలబడి వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"సార్, 138లో నోటీసుకు 30 రోజులండీ, నెల కాదు. మార్చికి 31 కదా. ఇవాళే ఆఖరు."

చట్టంలో నెల లేకపోలేదు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే ఫిర్యాదు వెయ్యడానికి నెల. ఆ నెలను తెచ్చి నేను నోటీసుకు అతికించాను. గుమస్తా ఏమీ అనలేదు, నోటీసు ప్రింటు తీసి నా సంతకం కోసం పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. పోస్టాఫీసు కౌంటరు మూసే వేళకు రసీదు చేతికొచ్చింది.

సాయంత్రం వెళ్లబోతూ ఇంటర్న్‌షిప్ డైరీ ముందు పెట్టి సంతకం అడుగుతుంది. చదవకుండా పెట్టెయ్యండి. నేను చదివాను. 'ఈ రోజు నేర్చుకున్నది' అన్న గడిలో మూడు లైన్లు. మొదటి రెండూ గుమస్తా చెప్పినవి. మూడోది: తాతగారి తర్వాతి వాయిదా జూన్ 19.

నా డైరీలో అది లేదు. రాసుకుని, సంతకం పెట్టాను.