ఎనిమిది అంకెలు దాచేదాన్ని

నా మొదటి నాలుగు బైట్లు 0, 97, 115, 109. తర్వాతి నాలుగూ 1, 0, 0, 0. ఎక్కడ పుట్టిన వెబ్‌అసెంబ్లీ మాడ్యూల్‌కైనా ఈ ఎనిమిది బైట్లే నుదుటి రాత. ఇవి తేడాగా ఉంటే లోపలికి అడుగు పెట్టనివ్వరు. ఆ రాత వెనక నేను మోసుకొచ్చింది ఒకే ఒక్క పని. ఒక సర్వీసు ఇచ్చే జవాబులో ఎవరిదైనా ఆధార్ నంబరు పూర్తిగా కనబడితే, మొదటి ఎనిమిది అంకెలు చెరిపి చివరి నాలుగే ఉంచుతాను. వెబ్‌అసెంబ్లీ పేరును కుదించి నన్ను వాస్మ్ ఫిల్టర్ అంటారు. నా కాపురం ఎన్వాయ్ అనే ప్రాక్సీ లోపల.

నన్ను రాసిన అమ్మాయి గచ్చిబౌలిలో ఒక అప్పులిచ్చే కంపెనీలో పనిచేస్తుంది. అక్కడి సర్వీసులు కొన్ని జావాలో, కొన్ని గోలో, మిగిలినవి పైథాన్‌లో ఉన్నాయి. కస్టమర్ కేర్ వాళ్ళ స్క్రీన్ మీదికి అప్పు తీసుకున్నవాళ్ళ ఆధార్ నంబర్లు పన్నెండంకెలూ వచ్చేస్తున్నాయి. ఫోనెత్తి మాట్లాడే మనిషికి చివరి నాలుగంకెలు చాలు. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సంస్థే 'మాస్క్‌డ్ ఆధార్' పేరుతో చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే కార్డు డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. మరి కంపెనీ స్క్రీన్ మీద మొత్తం నంబరు ఎందుకుండాలి?

"ప్రతి టీమ్‌నీ కోడ్ మార్చమని అడిగితే ఎప్పటికయ్యేను?" అన్నాడు టీమ్‌లో సీనియర్.

"కోడ్ జోలికి వద్దన్నా. సర్వీసు పక్కన ప్రాక్సీ ఎలాగూ ఉంది కదా, అక్కడ ఆపేద్దాం" అంది ఆ అమ్మాయి.

నా పుట్టుకకు బీజం ఆ మాటలోనే పడింది.

మా సర్వీస్ మెష్‌లో ప్రతి సర్వీసుకూ పక్కనే ఒక ప్రాక్సీ ఉంటుంది. దాన్ని సైడ్‌కార్ అంటారు. సర్వీసుకు వచ్చే ట్రాఫిక్‌ను దారి మళ్ళించి ముందు ప్రాక్సీకి అప్పగిస్తారు. మా మెష్ పేరు ఇస్టియో. అందులో లోపలికొచ్చేది 15006 పోర్టుకూ, బయటికెళ్ళేది 15001 పోర్టుకూ చేరుతుంది. ఈ సంగతి సర్వీసుకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. అది జావాలో రాసిందా, పైథాన్‌లో రాసిందా అన్నది నాకూ అక్కర్లేదు. నా ముందుకు వచ్చేసరికి అన్నీ బైట్లే.

నాకంటే ఎన్వాయ్ పెద్దది. లిఫ్ట్ కంపెనీలో మ్యాట్ క్లైన్ మొదలుపెట్టిన ఆ ప్రాక్సీని 2016 సెప్టెంబరులో ఓపెన్ సోర్స్ చేశారు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రామ్ అది. అందులో ఫిల్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. రిక్వెస్టు ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ పోయి చివర రౌటర్ చేతికి చిక్కుతుంది. సొంత ఫిల్టర్ కావాలనుకున్నవాళ్ళు సీ ప్లస్ ప్లస్‌లో రాసి, మొత్తం ఎన్వాయ్‌ను మళ్ళీ బిల్డ్ చేసి, ఆ సొంత బైనరీని కలకాలం మోయాల్సి వచ్చేది. కొత్త కూర్పు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అదే తంతు. చిన్నచిన్న పనులకు లూవా అనే స్క్రిప్టు భాష ఉంది కానీ, అది కాన్ఫిగరేషన్‌లో ఇరికించే నాలుగు వరసలకే బాగుంటుంది.

2017లో గూగుల్, ఐబీఎం, లిఫ్ట్ కలిసి ఇస్టియోను ప్రకటించినప్పుడు దారి వేరేగా వేశారు. అనుమతుల తనిఖీకీ, లెక్కలకూ ప్రాక్సీ మిక్సర్ అనే ఇంకో సర్వీసుతో మాట్లాడాలి. అంటే ప్రాక్సీ పని మధ్యలో నెట్‌వర్క్ మీద మరో ప్రయాణం. అలా వేరే చోట ఉన్న తెలివిని ప్రాక్సీ లోపలికే తేవాలని వాళ్ళు తర్వాత నిర్ణయించుకున్నారు. 2020 మార్చిలో వచ్చిన ఇస్టియో 1.5 మిక్సర్‌ను పక్కకు జరిపి వాస్మ్‌కు చోటిచ్చింది. 1.8 వచ్చేసరికి మిక్సర్ కనుమరుగైంది. నా జాతికి ఇల్లు దొరికింది అప్పుడే. అంతకుముందు మేం ఎక్కువగా బ్రౌజర్లలో బతికేవాళ్ళం. 2019 డిసెంబరులో డబ్ల్యూ3సీ వెబ్‌అసెంబ్లీని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. బ్రౌజర్‌లో మమ్మల్ని ఎవరూ నమ్మరు. ఏ సైటు నుంచి ఏ కోడ్ వస్తుందో తెలియదు కాబట్టి, నమ్మకుండానే నడపగలిగేలా మమ్మల్ని తీర్చిదిద్దారు. ప్రాక్సీకీ సరిగ్గా అదే కావలసొచ్చింది.

నా ఒంటరితనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇందులోనే నా విలువంతా ఉంది.

నాకు నా జ్ఞాపకం తప్ప ఇంకేమీ లేదు. 64 కిలోబైట్ల పేజీల చొప్పున పెరిగే ఒక్క వరస అది. పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. ఎన్వాయ్ జ్ఞాపకాన్ని నేను చూడలేను. ఫైలు తెరవలేను, నా అంతట నేను సాకెట్ తెరిచి ఎవరితోనూ మాట్లాడలేను. ఏదైనా కావాలంటే ప్రాక్సీ-వాస్మ్ అనే ఒడంబడికలో రాసుకున్న పిలుపులతోనే అడగాలి. ఫలానా హెడర్ విలువ ఇవ్వు, బాడీలో ఇన్ని బైట్లు ఇవ్వు, ఈ కౌంటర్‌ను ఒకటి పెంచు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో ఫారమ్ లోపలికీ, టికెట్ బయటికీ కిటికీ గుండానే వెళ్ళినట్టు, మా ఇద్దరి మధ్యా ఏది నడిచినా ఆ పిలుపుల గుండానే నడుస్తుంది. బాడీ అడిగినప్పుడు ఎన్వాయ్ ముందు నా జ్ఞాపకంలోనే జాగా అడిగి తీసుకుంటుంది. ఆ బైట్లను అక్కడికి కాపీ చేస్తుంది. నేను మార్చి తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ ఒక కాపీ. ఈ కాపీలకు ఖర్చుంది. అదే ఫిల్టర్ సీ ప్లస్ ప్లస్‌లో ఎన్వాయ్‌లోనే కలిసిపోయి ఉంటే ఇంతకంటే వేగంగా నడిచేది. అయితే అందులో ఒక పాయింటర్ దారి తప్పితే ప్రాక్సీ మొత్తం కూలుతుంది, దాని వెనకున్న సర్వీసు ఎవరికీ అందకుండా పోతుంది. నేను కూలితే నా వర్చువల్ మెషీన్ ఒక్కటే కూలుతుంది. అందరి ఉత్తరాలూ నడిచే దారిలో ఒక పరాయి కోడ్‌ను నిలబెట్టాలంటే దాని చేతులు ఎంత దూరం చాస్తాయో ముందే తెలిసుండాలి. ఆ ధీమా కోసం రెండు కాపీల ఖర్చు భరించడం నా దృష్టిలో న్యాయమే.

నన్ను రస్ట్ భాషలో రాశారు. కంపైల్ చేసి ఓసీఐ ఇమేజ్‌గా కట్టి, కంటైనర్ ఇమేజ్‌లు ఉండే రిజిస్ట్రీలోనే పెట్టారు. తర్వాత వాస్మ్‌ప్లగిన్ అనే చిన్న యామల్ ఫైలు. ఇస్టియో 1.12తో 2021 నవంబరులో వచ్చిన సదుపాయం అది. అంతకుముందు ఎన్వాయ్‌ఫిల్టర్‌తో ప్రాక్సీ కాన్ఫిగరేషన్‌ను నేరుగా కోసి కుట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఇమేజ్ ఎక్కడుందో, దాని వేలిముద్రలాంటి షా-256 ఎంతో, ఏ లేబుల్ ఉన్న పాడ్‌లకు (సర్వీసులు నడిచే గూళ్ళకు) వర్తించాలో, వరసలో ఎక్కడ నిలబడాలో చెబితే చాలు. పాడ్‌లోని ఇస్టియో ఏజెంటు నన్ను దించుకుని, లెక్క సరిపోయిందో లేదో చూసి, ఎన్వాయ్‌కు అప్పజెబుతుంది. నడుస్తున్న ప్రాక్సీని ఆపనక్కర్లేదు. ప్రతి వర్కర్ థ్రెడ్‌కూ నా ప్రతి ఒకటి విడిగా లేస్తుంది. ఒక ప్రతికి ఇంకో ప్రతి జ్ఞాపకం తెలియదు. ఎన్ని నంబర్లు దాచామన్న లెక్క మాత్రం ఎన్వాయ్ కౌంటర్లో అందరిదీ ఒకేచోట చేరుతుంది. ఆధార్ నంబరుతో నిజంగా పని ఉన్న కేవైసీ సర్వీసుకు నా లేబుల్ పెట్టలేదు. అక్కడ నేనుంటే పనే ఆగిపోతుంది.

ఇక నా దినచర్య. రిక్వెస్టు వచ్చినప్పుడే నాకు ఒక చిన్న పని ఉంది. అందులోని యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్‌ను తీసేస్తాను. అది ఉంటే సర్వీసు జవాబును జీజిప్‌తో నొక్కి పంపవచ్చు. నొక్కిన బైట్లలో అంకెలు వెతకడం నావల్ల కాదు. జవాబు తిరిగొచ్చేటప్పుడు ఫిల్టర్ల వరస తిరగబడుతుంది. వెళ్ళేటప్పుడు చివర ఉన్నది వచ్చేటప్పుడు ముందుంటుంది. నన్ను వరసలో ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకునేముందు ఆ అమ్మాయి కాగితం మీద బాణాలు గీసుకుంది. జవాబు హెడర్లలో కంటెంట్ రకం జేసన్ అయితేనే నేను ముందుకు కదులుతాను. బొమ్మలూ, పీడీఎఫ్‌లూ, జీఆర్‌పీసీ ప్రవాహాలూ నన్ను తాకకుండా వెళ్ళిపోతాయి.

బాడీ ఒక్కసారిగా రాదు, ముక్కలుగా వస్తుంది. నంబరులో అయిదంకెలు ఒక ముక్క చివర, ఏడంకెలు తర్వాతి ముక్క మొదట్లో ఉండొచ్చు. అన్ని ముక్కలూ వచ్చేదాకా పట్టి ఉంచడం తేలిక. కానీ ఎన్వాయ్ బఫర్‌కు మామూలుగా 1 మెగాబైటు హద్దుంది. దాన్ని మించిన జవాబును అలా పట్టి ఉంచితే అవతలివాళ్ళకు 500 ఎర్రర్ అందుతుంది. పెద్ద రిపోర్టులన్నీ దెబ్బతింటాయి. అందుకని నేను ప్రతి ముక్క తోకలో అంకెలుంటే ఆ కొన్ని బైట్లను మాత్రమే దగ్గర ఉంచుకుని, తర్వాతి ముక్క మొదట అతికించి చూస్తాను. మిగిలింది వెంటనే పంపేస్తాను.

పన్నెండంకెలు కనబడగానే ఆధార్ అనుకుంటే పొరపాటు. ఆర్డర్ నంబర్లుంటాయి, బ్యాంకు రిఫరెన్సులుంటాయి. ఆధార్ మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు. చివరి అంకె వెర్హోఫ్ పద్ధతిలో లెక్కకట్టిన తనిఖీ అంకె. డచ్ గణితవేత్త యాకోబస్ వెర్హోఫ్ 1969లో ప్రచురించిన పద్ధతి అది. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా తప్పక పట్టుకుంటుంది. పట్టికలు చూసి లెక్క చేసుకుంటూ పోతే చివరికి సున్నా రావాలి. నేను చేసే పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఊరికే తగిలిన పన్నెండంకెల్లో పదింట తొమ్మిది ఇక్కడే రాలిపోతాయి.

రాలనిది ఒకటుంది. మొబైల్ నంబరు ముందు 91 కలిపితే అదీ పన్నెండంకెలే, మొదటి అంకె 9. అలాంటివాటిలో పదింట ఒకటి వెర్హోఫ్‌నూ దాటేస్తుంది. ముందు ప్లస్ గుర్తుంటే వదిలేస్తాను. లేకపోతే దాచేస్తాను. ఒక ఫోన్ నంబరు అనవసరంగా దాచినందుకు ఎవరో విసుక్కుంటారు, అంతే. ఆధార్ నంబరు వదిలేస్తే నష్టపోయేది ఆ స్క్రీన్ ముందున్నవాళ్ళు కాదు, ఏ పాల్వంచలోనో, ఏ పలమనేరులోనో ట్రాక్టర్ కోసం అప్పు తీసుకుని, తన నంబరు ఎవరెవరు చూస్తున్నారో తెలియని మనిషి.

దాచడంలోనూ ఒక నేర్పుంది. ఎన్ని బైట్లు తీస్తే అన్నే పెడతాను కాబట్టి కంటెంట్-లెంగ్త్ మారదు. కోట్స్ మధ్య ఉంటే ఎక్స్‌లు పెడతాను. నాలుగేసి అంకెల మధ్య ఖాళీలుంటే ఆ ఖాళీలను అలాగే ఉంచుతాను. కోట్స్ లేకుండా వట్టి సంఖ్యగా వస్తే ఎక్స్ పెడితే జేసన్ విరిగిపోతుంది, మొదట సున్నా పెట్టినా చెల్లదు. అప్పుడు ఎనిమిది 1లు పెడతాను. 1తో మొదలయ్యే ఆధార్ ఉండదు కనుక, దాచిన నంబరును నిజమైన నంబరుగా ఎవరూ పొరబడరు. ఈ ఆలోచన ఆ అమ్మాయిదే. ఇంకో సంగతి కూడా ఆమె పట్టుబట్టి చేసింది. బాడీని ఎక్కడా స్ట్రింగ్‌గా మార్చనివ్వలేదు, బైట్లుగానే చదివించింది. ఒక ముక్క తెలుగు అక్షరం మధ్యలో తెగితే అది సరైన యూటీఎఫ్-8 కాదు. తెలుగులో ఒక్కో అక్షరం గుర్తు మూడు బైట్లు కనుక అలా తెగే అవకాశం బాగా ఉంది. స్ట్రింగ్‌గా మార్చబోయి కుదరక రస్ట్ ప్యానిక్ అయితే, నా ప్రాణం అక్కడికక్కడే పోతుంది.

పోతే ఏం కావాలి? నా జీవితంలో మనుషులు గట్టిగా వాదించుకున్న విషయం ఇదొక్కటే. వాస్మ్‌ప్లగిన్‌లో ఫెయిల్ స్ట్రాటజీ అని ఒక మాట రాయొచ్చు. ఫెయిల్ క్లోజ్ అంటే నేను లేనప్పుడు ట్రాఫిక్ ఆగిపోతుంది. ఫెయిల్ ఓపెన్ అంటే నేను లేకున్నా సాగిపోతుంది.

"కస్టమర్ కేర్ స్క్రీన్లు ఖాళీగా పడితే పొద్దున్నే మనకే ఫోన్లు. ఓపెన్ పెట్టెయ్యమ్మా" అన్నాడు సీనియర్.

"ఫోన్ వస్తే ఎత్తి సరిచేస్తాం అన్నా. నంబరు బయటికెళ్ళిపోతే ఎవరికి ఫోన్ చేసి వెనక్కి తెప్పిస్తాం?"

అతను కాసేపు ఆలోచించి సరేనన్నాడు. నా యామల్‌లో ఫెయిల్ క్లోజ్ ఉంది. లెక్కలు రాసే ఫిల్టర్‌కైతే ఓపెన్ పెట్టడమే సబబు, లెక్క తప్పితే ట్రాఫిక్ ఆపకూడదు. కాపలా కాసే ఫిల్టర్‌కు మాత్రం మూసే ఉండాలి. రెంటికీ ఒకే నియమం పెట్టేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఇప్పుడు నా చిరునామా మారబోతోంది. 2024 నవంబరులో వచ్చిన ఇస్టియో 1.24తో యాంబియంట్ పద్ధతి స్థిరపడింది. అందులో పాడ్ పక్కన సైడ్‌కార్ ఉండదు. పాడ్‌లు నడిచే ఒక్కో యంత్రానికి, అంటే నోడ్‌కు, ఒకటి చొప్పున జెడ్‌టనెల్ అనే ప్రాక్సీ ఉంటుంది. అదీ రస్ట్‌లో రాసిందే కానీ హెచ్‌టీటీపీ లోపలికి తొంగిచూడదు, కాబట్టి అక్కడ నాకు చోటు లేదు. హెచ్‌టీటీపీ చూడాల్సిన పనులకు వేపాయింట్ అని విడిగా ఒక ప్రాక్సీ ఉంటుంది. అది ఎన్వాయే. నా యామల్‌లో లేబుళ్ళ సెలెక్టర్ తీసేసి, ఆ వేపాయింట్‌ను చూపించే టార్గెట్‌రెఫ్స్ రాస్తున్నారు. నా కోడ్‌లో ఒక్క వరస కూడా మారలేదు. కేవైసీ సర్వీసు ట్రాఫిక్ నా వేపాయింట్ గుండా పోకుండా చూడటానికి ఆ అమ్మాయి టెస్టులు రాస్తోంది. అవి గట్టెక్కాక నన్ను ముందు స్టేజింగ్‌కు పంపుతారు.