విశ్రాంతి: సా. 3.40 నుంచి 4.10 వరకు

ప్రతి కుటుంబంలోనూ ఒక ప్లాను బావగారుంటారు. "ఈసారి హడావుడేం వద్దు, అండమాన్ వెళ్లి హాయిగా పడుందాం" అని ఆయన నోట వచ్చిందా, ఇక ఇంటిల్లిపాదీ నిద్ర మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ రాత్రికే వాట్సాప్‌లో 'అండమాన్ రిలాక్స్' అని గ్రూపు పుడుతుంది. తెల్లారేసరికి అందులో ఎక్సెల్ షీటు పడుతుంది. ఎంతో వెతికితే ఒక మూల దొరుకుతుంది: "సా. 3.40 - 4.10: విశ్రాంతి. వీలునుబట్టి."

బావగారి పరిజ్ఞానానికి వంక పెట్టలేం. మీరు పోర్ట్ బ్లెయిర్ అంటే 2024 నుంచి అది శ్రీ విజయపురం అని దిద్దుతారు. హేవ్‌లాక్ అంటే స్వరాజ్ ద్వీప్, నీల్ అంటే షహీద్ ద్వీప్, ఆ పేర్లు 2018లోనే మారాయని చెబుతారు. "పేరేదైతేనేంలెండి, అక్కడ పడుకోనిస్తారా?" అని అక్క అడిగితే మాత్రం షీటు చూడమంటారు.

అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. అందుకే చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది. మామూలు మనిషైతే తొందరగా తిని పడుకోవచ్చని సంతోషిస్తాడు. బావగారు నాలుగింటికే అందర్నీ లేపుతారు. బారాటాంగ్ దీవికి వెళ్లే రోజైతే అదీ లేదు. జరవా ఆదివాసులుండే అడవి గుండా బళ్లను జిర్కాటాంగ్ దగ్గర్నుంచి కాన్వాయ్‌గానే వదులుతారు. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ కాన్వాయ్ అందుకోవాలంటే అర్ధరాత్రి దాటాక లేవాలి. మడ అడవుల మధ్య పడవలో సున్నపురాయి గుహలకు వెళ్లే ఆ చక్కటి దారంతా పిల్లలు నోళ్లు తెరుచుకుని నిద్రపోతారు. ఆయన వాళ్లను తట్టి లేపి "ప్రకృతి చూడండ్రా" అంటారు.

రాధానగర్ బీచ్‌లో అందరూ నీళ్లలో ఉంటే, బావగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తల మీద తువ్వాలుతో, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోను పట్టుకుని ఒడ్డున నిలబడతారు. "ఇంకో పదకొండు నిమిషాలే!" చిన్నది దోసిట్లో గవ్వలు తెస్తే, తీసుకెళ్లడం నిషేధమని అన్నీ ఇసుకలో పోయించేస్తారు. నిషేధం నిజమే కాబట్టి ఏమీ అనలేం. దాని మూతి మాత్రం చూడలేం.

ఆటో అతను "ఏ ఊరండీ? మాది శ్రీకాకుళం" అని తెలుగులో పలకరిస్తాడు. అక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు. అక్క ఊరి కబుర్లలో పడుతుంది. బావగారు గడియారం చూస్తారు.

గాలి లేచి సముద్రం పోటెత్తి ఫెర్రీ రద్దయిందని తెలిస్తే అందరూ లోలోపల దణ్ణం పెట్టుకుంటారు. తొందరపడకండి. షీటులో రెండో పేజీ ఉంది, దాని పేరు 'ఫెర్రీ రద్దయితే'. సెల్యులార్ జైలు అందులోకే వస్తుంది.

అలాగని ఆయన్ని వదిలేసి వెళ్లకండి. డిసెంబరు రద్దీలో ఫెర్రీ టికెట్లూ, గదులూ దొరకాలంటే అలాంటి మనిషే కావాలి. బుకింగులన్నీ ఆయన చేతే చేయించండి. బయల్దేరే రోజు ఆయన ఫోను ఛార్జరు ఒక్కటీ ఇంట్లో ఉండిపోయేలా చూసుకోండి.